మట్టి లేదు, పెరడు లేదు... బకెట్లో గోంగూర ఉంది!

ఎడిసన్ చుట్టుపక్కల అద్దె అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లకి వేసవి ఉన్నన్నాళ్లూ ఆకుకూరల బాధ ఉండదు. సొంత ఇళ్లున్నవాళ్ల పెరళ్లలో పండిన గోంగూర, తోటకూర, దోసకాయలు ప్లాస్టిక్ సంచుల్లో గుడి దగ్గరో, పుట్టినరోజు భోజనాల దగ్గరో చేతులు మారుతూ ఉంటాయి. అక్టోబరు నెలాఖరులో ఒక్క రాత్రి గట్టిగా మంచు పట్టిందంటే ఆ వైభోగం అయిపోయినట్టే. మళ్లీ మే నెలలో మొక్క నాటి, అది ఎదిగే దాకా ఓక్ ట్రీ రోడ్డు దుకాణాల్లో దొరికే కట్టలే గతి. అవి కూడా ఎక్కణ్ణుంచో లారీల్లో వచ్చి, సగం వాడిపోయి, కట్ట మూడు నాలుగు డాలర్లు పలుకుతుంటాయి.

మేము ముగ్గురం ఒకే కాంప్లెక్స్‌లో ఉంటాం. పగలంతా ఆఫీసుల్లో బిల్లులు, ఫైళ్లు చూసుకునే ఉద్యోగాలు. ఇంటర్‌తో చదువు ఆపేసినవాళ్లం. బైపీసీ రోజుల్లో బాటనీ రికార్డులో బొమ్మలు గీయడం తప్ప మొక్కల గురించి మాకు తెలిసింది తక్కువ. మాకు పెరడు లేదు, బాల్కనీలో కుండీలు పెడితే ఒప్పుకోరు. అయినా మూడు శీతాకాలాలుగా జనవరిలో కూడా మా ఇళ్లలో గోంగూర కోస్తున్నాం. బకెట్లో నీళ్లు, పైన ఒక లైటు, అంతే. దీన్నే హైడ్రోపోనిక్స్ అంటారు.

మొదట్లో మేము చేసిన తప్పులకి డబ్బు పోయింది, ఒకసారి పరువు పోయినంత పనీ అయింది. గోంగూర పెంచినందుకు లీజింగ్ ఆఫీసు నుంచి మాకు ఉత్తరం వచ్చిందంటే నమ్ముతారా? ఆ కథ కూడా చెబుతాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఆ తిప్పలు లేకుండా ఉండాలనే ఇది రాస్తున్నాం.

నీళ్లలో మొక్కలా?

మా కాంప్లెక్స్‌లో గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. మేము పిన్నిగారూ అని పిలుస్తాం. మా బకెట్లు మొదటిసారి చూసి ఆవిడ అడిగిన ప్రశ్న ఇది: "ఏమర్రా, మట్టి లేకుండా పెరిగిన గోంగూరకి పులుపు ఎక్కణ్ణుంచి వస్తుందర్రా?"

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఏమిటంటే, మొక్క మట్టిని తినదు. మట్టిలో నీటికి కరిగే లవణాలను మాత్రమే వేళ్లతో పీల్చుకుంటుంది. నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, గంధకం కాస్త ఎక్కువగా, ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాన్, మాలిబ్డినం లాంటివి చిటికెడు కన్నా తక్కువగా కావాలి. ఆ లవణాలు నీళ్లలోనే సరైన పాళ్లలో కలిపి ఇచ్చి, వేళ్లకి గాలి, ఆకులకి వెలుగు అందేట్టు చూస్తే మట్టితో పని లేదు. పులుపు ఆకు తనంతట తాను తయారుచేసుకునేదే.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1860ల్లోనే జర్మనీలో జూలియస్ సాక్స్, విల్హెల్మ్ నాప్ అనే శాస్త్రవేత్తలు మొక్కలను లవణాల నీళ్లలో పెంచి చూపించారు. దాన్ని ప్రయోగశాల దాటించి పంటగా మార్చాలని చూసినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేసిన విలియం గెరికీ. 1929లో మొదలుపెట్టి తొట్లలో ఇరవై అయిదు అడుగుల ఎత్తు టమాటా తీగలు పెంచి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. హైడ్రోపోనిక్స్ అనే పేరు 1937లో ఆయన వాడుకలోకి తెచ్చిందే. గ్రీకు భాషలో 'హైడ్రో' అంటే నీరు, 'పోనోస్' అంటే శ్రమ. అదే విశ్వవిద్యాలయంలో హోగ్లండ్, ఆర్నన్ అనే ఇద్దరు 1938లో ఎరువు నీళ్ల పాళ్లు ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేశారు. ఆ పాళ్లు ఈనాటికీ బాటనీ ల్యాబుల్లో వాడుతూనే ఉన్నారు. పసిఫిక్ సముద్రం మధ్యలోని వేక్ దీవిలో విమానాలు ఆగేచోట ప్రయాణికులకి కూరలు పండించిందీ, రెండో ప్రపంచ యుద్ధంలో అసెన్షన్ దీవిలో అమెరికా సైనికులకి పండించిందీ ఈ పద్ధతిలోనే.

మన దేశానికీ ఇది కొత్త కాదు. 1946లో బెంగాల్‌లోని కాలింపాంగ్ ప్రాంతంలో షోల్టో డగ్లస్ అనే ఆయన పేదవాళ్లు కూడా చేసుకోగలిగేట్టు పంపులు, మోటార్లు లేని పద్ధతి ఒకటి తయారుచేశాడు. దానికి బెంగాల్ పద్ధతి అనే పేరు పడింది.

పంపు లేని పద్ధతి

హైడ్రోపోనిక్స్ అనగానే పైపులు, పంపులు, గాలి బుడగల మోటార్లు గుర్తొస్తాయి. మేము వాటి జోలికి పోలేదు. కరెంటు పోతే మొక్క పోతుంది, మోటారు రొదకి కింద ఇంటివాళ్లు తలుపు కొడతారు. హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ అనే ఆచార్యుడు బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి మాకు నచ్చింది. 2009లో ఆయన దీని మీద రాసిన వ్యాసం చాలామందికి దారి చూపింది. దీన్ని ఆయన పేరుతోనే క్రాట్కీ పద్ధతి అంటారు.

అందులో కిటుకు చాలా తేలిక. మూత ఉన్న బకెట్లో ఎరువు నీళ్లు పోస్తారు. మూతకి రంధ్రం చేసి, అడుగున జాలీ లాంటి చిన్న గిన్నెలో మొక్కను కూర్చోబెడతారు. మొదటిరోజు నీళ్లు గిన్నె అడుగును కాస్త తాకాలి. మొక్క నీళ్లు తాగేకొద్దీ మట్టం దిగుతుంది. మూతకి, నీళ్లకి మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో తేమగా వేలాడే పై వేళ్లు గాలి పీల్చుకుంటాయి, అడుగు వేళ్లు నీళ్లు తాగుతాయి. ఏ మోటారూ అక్కర్లేదు.

కావలసినవి

బకెట్లు: మూత ఉన్న అయిదు గ్యాలన్ల బకెట్లు. కిరాణా దుకాణాల బేకరీ విభాగంలో కేకుల మీది క్రీము ఇలాంటి బకెట్లలోనే వస్తుంది. ఖాళీవి అడిగితే ఊరికే ఇచ్చారు, ఒకచోట డాలరు తీసుకున్నారు. తిండి పదార్థాలు వచ్చినవే తీసుకోండి. రంగులు, రసాయనాలు వచ్చిన బకెట్లు వద్దు.

గిన్నెలు: మూడంగుళాల జాలీ గిన్నెలు దొరుకుతాయి. లేకపోతే చిన్న పెరుగు డబ్బాలకి అడుగున, పక్కలా వేడి మేకుతో చిల్లులు పెట్టినా సరిపోతుంది.

మొలకలకి: కొబ్బరి పొట్టు గానీ, రాక్‌వూల్ ముక్కలు గానీ.

ఎరువు: హైడ్రోపోనిక్స్ కోసం తయారుచేసిందే కావాలి. ఊళ్లో చల్లే యూరియా వేస్తే సరిపోదా అని మా నాన్నగారు ఫోనులో అడిగారు. సరిపోదు. యూరియాను మొక్కకి పనికొచ్చేట్టు మార్చేవి మట్టిలోని సూక్ష్మజీవులు. బకెట్లో అవి తగినన్ని ఉండవు. దుకాణాల్లో దొరికే మామూలు పూలమొక్కల పొడుల్లో కూడా నత్రజని ఎక్కువగా యూరియా రూపంలోనే ఉంటుంది, కాల్షియం ఉండదు.

లైటు: నాలుగడుగుల ఎల్ఈడీ షాప్ లైటు, 40 వాట్లది. 5000 కె అని రాసి ఉన్న తెల్ల వెలుగు మంచిది. దానితో పాటు ఒక టైమర్.

ఇంకా: గ్రాములో పదోవంతు చూపించే చిన్న తూకం, పీహెచ్ చూసే చుక్కల మందు.

మాకు మొదటిసారి అయిన ఖర్చు ఇది. లైటు 30 డాలర్లు, టైమర్ 10, ఎరువులు 30, తూకం 12, పీహెచ్ మందు 10, గిన్నెలు, కొబ్బరి పొట్టు కలిపి 10. మొత్తం 102 డాలర్లు. ఒక లైటు కింద నాలుగు బకెట్లు వరసగా పడతాయి.

ఎరువు నీళ్లు కలపడం

మేము వాడేది మూడు పొడుల పద్ధతి. మాస్టర్‌బ్లెండ్ 4-18-38, ఎప్సమ్ సాల్ట్, కాల్షియం నైట్రేట్. అయిదు గ్యాలన్ల నీళ్లకి వరసగా 12 గ్రాములు, 6 గ్రాములు, 12 గ్రాములు. ఒకటి పూర్తిగా కరిగాకే రెండోది వేయాలి. కాల్షియం నైట్రేట్ ఆఖరున వేయాలి. మొలకలకి ఇందులో సగం బలం చాలు.

మూడు పొడులూ ఒక గ్లాసులో వేసి కలిపేస్తే పని త్వరగా అవుతుందని మేము మొదటిసారి అలాగే చేశాం. సున్నం తేటలాగా తెల్లటి మడ్డి అడుగున పేరుకుపోయింది. చిక్కటి ద్రావణంలో కాల్షియం వెళ్లి గంధకంతోనూ భాస్వరంతోనూ కలిసి గడ్డకడుతుంది. అలా అయిన ఎరువు మొక్కకి అందదు. బకెట్టెడు నీళ్లలో ఒక్కొక్కటే కరిగిస్తే ఆ ఇబ్బంది లేదు. ఎప్సమ్ సాల్ట్ మందుల షాపులో దొరికేదే, అయితే స్నానానికని సువాసన కలిపినది తేకండి.

ఒక పౌండు మాస్టర్‌బ్లెండ్ అంటే సుమారు 454 గ్రాములు. గ్యాలనుకి 2.4 గ్రాముల లెక్కన దాదాపు 189 గ్యాలన్లకి వస్తుంది. ఇంటి వాడకానికి చాలాకాలం సరిపోతుంది. కాల్షియం నైట్రేట్ గాలిలో తేమ పీల్చి నీరుకారుతుంది కాబట్టి గట్టి మూత డబ్బాలో పెట్టండి. డబ్బాల మీద పేరు రాసి, పిల్లలకి అందకుండా ఉంచండి. పంచదారలాగే కనిపిస్తుంది మరి.

పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. కుళాయి నీళ్లు చాలాచోట్ల ఏడు పైనే ఉంటాయి. పీహెచ్ డౌన్ అని అమ్మే ద్రావణం కొన్ని చుక్కలు వేసి, కలిపి, మళ్లీ చూసుకోవాలి. మూడు పొడులూ కలిపాకే ఈ పని చేయాలి. ఇంట్లో ఉప్పుతో పనిచేసే వాటర్ సాఫ్టెనర్ ఉంటే ఆ నీళ్లు వాడకండి, సోడియం ఎక్కువై మొక్క దెబ్బతింటుంది.

మా మొదటి పంట ఎందుకు పోయింది

మొదటి ఏడు మేము బకెట్లు కాకుండా, లోపల వేళ్లు కనిపిస్తే బావుంటుందని గాజులాంటి ప్లాస్టిక్ పెట్టె కొన్నాం. రెండు వారాలకి నీళ్లు చెరువులా పచ్చబడ్డాయి. వెలుగు, ఎరువు రెండూ ఉన్నచోట నాచు పడుతుంది. మొక్కకి పెట్టిన తిండి నాచు తింటుంది. అప్పట్నుంచి బకెట్టు తెల్లదైతే బయట అల్యూమినియం ఫాయిల్ చుట్టి టేపు వేస్తున్నాం. లోపల చీకటిగా ఉండాలి.

రెండో తప్పు ఇంకా పెద్దది. నీటి మట్టం దిగిపోతోందని కంగారుపడి ప్రతి ఆదివారం పైదాకా నింపేవాళ్లం. అప్పటికే గాలికి అలవాటు పడిన పై వేళ్లు మునిగిపోయి ఊపిరాడక కుళ్లాయి. నాలుగు రోజుల్లో మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. ఊళ్లో అయితే నీళ్లెక్కువై చేను ఉరకెత్తిందంటారు. అదే జరిగింది. గోంగూరలాగా ఎక్కువ రోజులు ఉండే మొక్కకి మళ్లీ నీళ్లు పోయక తప్పదు. అప్పుడు బకెట్టులో సగానికి మించి పోయకండి. పై వేళ్లు ఎప్పుడూ గాలిలోనే ఉండాలి.

మూడో తప్పు మా జేబు కోసింది. ఒక పాత బకెట్టుకి అడుగున సన్నటి పగులు ఉంది. రాత్రంతా కారి కార్పెట్ తడిసి, కింద ఇంటి సీలింగ్ మీద పళ్లెమంత మరక పడింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో ఆ సొమ్ము పట్టుకున్నారు. అందుకే ఏ బకెట్టయినా ముందు బాత్ టబ్‌లో నింపి ఒక రోజంతా ఉంచి చూడండి. కింద బూట్లు పెట్టుకునే వెడల్పు ప్లాస్టిక్ ట్రే వేయండి. అయిదు గ్యాలన్ల నీళ్లు సుమారు 42 పౌండ్ల బరువు. నింపాక జరపకూడదు, గోడ వారగా పెట్టి అక్కడే నింపాలి. కరెంటు ప్లగ్గు బకెట్ల కన్నా ఎత్తులో ఉండాలి. తీగ ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి వెళ్లేట్టు చూడండి, తీగ మీద నీళ్లు జారినా ప్లగ్గులోకి పోవు. అద్దెవాళ్ల ఇన్సూరెన్స్ ఉంటే నీటి నష్టం అందులో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఏ మొక్కతో మొదలుపెట్టాలి?

లెట్యూస్, మెంతికూర: ఇవి మొదటి బకెట్టుకి మంచివి. వంటింటి మెంతులే రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి. నెల రోజుల్లో కోసుకోవచ్చు. లెట్యూస్‌కి మొక్కకి ఒక గ్యాలను నీళ్లుంటే కోత దాకా మళ్లీ పోయక్కర్లేదు.

పుదీనా: విత్తనం అక్కర్లేదు. దుకాణంలో కొన్న కట్టలోంచి గట్టి కాడలు నాలుగు గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి.

కొత్తిమీర: ధనియాలను రెండు పప్పులుగా విడదీసి వేయాలి. మొలవడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. వేడి ఎక్కువైతే త్వరగా పూతకొస్తుంది కాబట్టి హీటర్‌కి దూరంగా పెట్టండి.

తోటకూర, గోంగూర: ఈ రెండూ వెచ్చదనం కోరతాయి. ఇంట్లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉండాలి. చల్లటి కిటికీ గట్టు మీద పెడితే ఎదగవు.

గోంగూర విషయంలో ఒక రహస్యం ఉంది. ఇది పగలు తగ్గితే పూతకొచ్చే జాతి. డిసెంబరులో కిటికీ వెలుగు మీద వదిలేస్తే జానెడు ఎత్తులోనే మొగ్గ తొడిగి ఆకు మానేస్తుంది. టైమర్‌తో రోజుకి 14 గంటలు లైటు వేస్తే ఇంకా వేసవే అనుకుని ఆకులేస్తూ ఉంటుంది. లైటు మొక్కకి ఆరంగుళాల ఎత్తులో ఉండాలి. ఎత్తుగా కడితే మొక్క సన్నగా సాగిపోతుంది. మొక్క అడుగు ఎత్తుకి రాగానే తల తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. విత్తిన ఆరు వారాలకి మొదటి కోత, ఆపైన మూడు వారాలకొకటి మాకు వస్తున్నాయి.

ఆకులు చూస్తే లోపం తెలుస్తుంది. కింది ముదురాకులు మొత్తం పసుపైతే నత్రజని చాలట్లేదు. ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపైతే మెగ్నీషియం. లేతాకుల్లో ఈనెల మధ్య పసుపైతే ఇనుము అందట్లేదు, చాలాసార్లు పీహెచ్ ఎక్కువవడమే దానికి కారణం. లేతాకు అంచులు మాడితే కాల్షియం.

లీజింగ్ ఆఫీసు ఉత్తరం

రెండో ఏడు ఫిబ్రవరిలో స్మోక్ డిటెక్టర్ బ్యాటరీ మార్చడానికి మెయింటెనెన్స్ మనిషి వచ్చాడు. పడకగది మూల రాత్రీ పగలూ వెలిగే లైటు, ఫాయిల్ చుట్టిన బకెట్లు, వాటి మీద అయిదు వేళ్లలా చీలిన ఆకులు. ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మూడోరోజు తలుపుకి ఉత్తరం అంటించి ఉంది. మీ ఇంట్లో పెంచుతున్న మొక్కల గురించి ఆఫీసుకి వచ్చి మాట్లాడండి అని.

మాకు అప్పుడు తట్టింది. గోగునార తీసే గోంగూర జాతికి శాస్త్రీయ నామం హైబిస్కస్ కానబినస్. కానబినస్ అంటేనే గంజాయిని పోలినది అని అర్థం. ఆకు ఆకారం చూసి పెట్టిన పేరు అది.

నవ్వి వదిలేసే విషయం కాదు ఇది. 2012 ఏప్రిల్‌లో కాన్సాస్ రాష్ట్రం లీవుడ్‌లో ఒక కుటుంబం ఇంటి మీద పోలీసులు ఉదయాన్నే తుపాకులతో దాడి చేశారు. ఆ ఇంటాయన అంతకు ముందు పిల్లలతో హైడ్రోపోనిక్స్ దుకాణానికి వెళ్లడం, చెత్తబుట్టలో దొరికిన టీ ఆకు గంజాయి అని పొరపడడం దానికి కారణాలు. ఇంట్లో ఉన్నవి టమాటా మొక్కలు. 2017 అక్టోబరులో పెన్సిల్వేనియాలో ఒక వృద్ధ దంపతుల పెరట్లోని మందార జాతి మొక్కలను చూసి గంజాయి అనుకుని పోలీసులు వాళ్లకి బేడీలు వేశారు. గోంగూర కూడా మందార కుటుంబమే కదా.

న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ నుంచి గంజాయి దుకాణాల్లోనే అమ్ముతున్నారు కాబట్టి భయం లేదని కొందరు అంటారు. వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు ఆ మాట నమ్మకండి. ఫెడరల్ చట్టం కింద అది నియంత్రిత పదార్థమే. ఇమిగ్రేషన్ చూసేది ఫెడరల్ చట్టాన్ని. రాష్ట్రం ఒప్పుకున్నా గంజాయితో సంబంధం ఉంటే పౌరసత్వం దరఖాస్తుకి అడ్డు రావచ్చని యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసింది. అందుకే మనకి అనుమానం కూడా రానివ్వకూడదు.

మేము విత్తనాల ప్యాకెట్టు, ఒక కొమ్మ, ఒక డబ్బాలో గోంగూర పచ్చడి, చపాతీలు పట్టుకుని ఆఫీసుకి వెళ్లాం. మేనేజరమ్మ ఆకు నలిపి వాసన చూసింది, ఒక ముక్క నోట్లో వేసుకుంది. పులుపుకి ఒక కన్ను మూతపడింది. "ఇది తినేదా?" అంది. పచ్చడి కూడా రుచి చూసి, మంచినీళ్లు అడిగింది. చివరికి ఒక కాయితం మీద, నాలుగు బకెట్లకి మించకుండా, కింద ట్రేలతో, తినే ఆకుకూరలు పెంచుకోవచ్చని రాసిచ్చింది. ఆ కాయితం ఈనాటికీ మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

మీరైతే ముందే అడగండి. ఏం పెంచుతారో, ఎన్ని నీళ్లో, ఎక్కడ పెడతారో రాసివ్వండి, అనుమతి కాయితం మీద తీసుకోండి. విత్తనాల ప్యాకెట్టు పారేయకండి. ఊదారంగు లైటు కన్నా మామూలు తెల్ల లైటు వాడండి. పంట బాగానే వస్తుంది, వీధిలో వాళ్ల కళ్లు పడవు.

విత్తనాలు సూట్‌కేసులో తేకండి

ఊరు వెళ్లొచ్చేటప్పుడు అమ్మ చీర కొంగులో మూటకట్టి ఇచ్చిన విత్తనాలు తెచ్చుకోవాలని అందరికీ ఉంటుంది. నాటే విత్తనాలకి అక్కడి వ్యవసాయ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఫారంలోనో, అడిగినప్పుడో చెప్పకుండా దాస్తే మొదటిసారికే వెయ్యి డాలర్ల దాకా జరిమానా ఉండొచ్చు. గోంగూర, తోటకూర విత్తనాలు అమెరికాలోనే దొరుకుతాయి, అవే కొనుక్కోండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. నీళ్లలో హాయిగా పెరిగే తూటికూర ఇక్కడ ఫెడరల్ కలుపు మొక్కల జాబితాలో ఉంది. అనుమతి లేకుండా పెంచకూడదు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తేకూడదు. కరివేపాకు మొక్క కూడా ఎక్కడ పడితే అక్కడ నుంచి తెప్పించకండి. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. అందుకే ఆ మొక్కల రవాణా మీద ఆంక్షలు ఉన్నాయి.

లాభమా, నష్టమా?

నిజం లెక్క చెబుతాం. 40 వాట్ల లైటు రోజుకి 14 గంటలు వేస్తే నెలకి దాదాపు 17 యూనిట్లు. యూనిట్ 20 సెంట్లు అనుకుంటే మూడు డాలర్ల నలభై సెంట్లు. అయిదు నెలల చలికాలానికి 17 డాలర్లు. నాలుగు బకెట్ల నుంచి మాకు ఒక చలికాలంలో పదహారు నుంచి పద్దెనిమిది కట్టలంత గోంగూర వస్తోంది. కట్ట మూడున్నర డాలర్లు లెక్కేసినా దాదాపు 60 డాలర్లు. మొదటి పెట్టుబడి 102 డాలర్లు. అంటే మూడో చలికాలానికి గానీ డబ్బు తిరిగి రాదు. సీలింగ్ మరకకి కట్టింది కలిపితే మేము ఇంకా నష్టంలోనే ఉన్నాం. డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మి ఒకేసారి పది బకెట్లు కొనకండి. ఒక్క బకెట్టుతో, మెంతికూరతో మొదలుపెట్టండి. అది కోసి పప్పులో వేసుకున్నాక రెండో బకెట్టు గురించి ఆలోచించండి.

మరి ఎందుకు చేస్తున్నారంటే, ఆఫీసు నుంచి చీకట్లో ఇంటికొచ్చి లైటు కింద పచ్చటి ఆకు చూస్తే ఆ రోజు అలసట కొంత తగ్గుతుంది. పిల్లలు బకెట్ మూత ఎత్తి తెల్లటి వేళ్లు చూసి, తాము పెంచిన ఆకు కాబట్టి మారాం చేయకుండా తింటున్నారు. బయట రెండడుగుల మంచు పడిన రోజున కూడా కారు తీయకుండా కూర దొరుకుతోంది.

పిన్నిగారి ప్రశ్నకి జవాబు బాకీ ఉంది. గత సంక్రాంతికి మా నాలుగు బకెట్ల గోంగూర అంతా కోసి ఆవిడకే ఇచ్చాం. ఎండుమిరపకాయలు వేయించి, రోలు లేదు కాబట్టి మిక్సీలోనే నూరి, పచ్చడి చేశారు. అందరం తిన్నాం. "పులుపు ఒక పిసరు తక్కువేరా, అయినా గోంగూరే," అన్నారు. ఈ ఏడు ఆవిడ ఇంట్లో కూడా రెండు బకెట్లు వెలిశాయి.